సంసారం గుట్టు, రోగం రట్టు



నెల్లూరు జిల్లా విడవలూరు నుంచి రామతీర్థం వైపు పొయ్యే కొద్దీ వరిమళ్ళు తగ్గి రొయ్యల గుంటలు ఎక్కువవుతాయి. తెల్లారుజామున ఆ గట్ల మీద రైతు చేసే మొదటి పని చెక్ ట్రే పైకి లాగడం. అంతకు ముందు ట్రేలో వేసిన మేత ఖాళీ అయి ఉంటే రొయ్య తింటున్నట్టు లెక్క. మేత వేసింది వేసినట్టే ఉంటే గుండెల్లో రాయి పడుతుంది. అడుగున తిరగాల్సిన రొయ్యలు గట్టువారకు చేరి నీరసంగా ఆడుతుంటే, ఒకదాన్ని పట్టుకుని చూసినప్పుడు పెంకు మీద సున్నపు చుక్కలు కనబడితే, ఇంక అనుమానం అక్కర్లేదు. తెల్లమచ్చ. వారం పది రోజుల్లో గుంట మొత్తాన్నీ ఊడ్చేసే వైరస్ అది.

అప్పుడతను తలెత్తి చుట్టూ చూస్తాడు. సాయం కోసమని కాదు, ఎవరైనా గమనించారేమోనని. సరిగ్గా అప్పుడే పక్క గట్టు మీద నుంచి ఒక కేక వినబడుతుంది.

"ఏం అబ్బయా, ఎట్టుండాయి గుంటలు?"

"బాగుండాయన్నా."

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ 'బాగుండాయన్నా' గురించి. లోపల ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి, మన బలహీనత నలుగురికీ కనబడితే తప్పేమీ లేదు అనే మాట ఈ మధ్య చాలామంది చెబుతున్నారు. పుస్తకాలు వస్తున్నాయి, ఉపన్యాసాలు జరుగుతున్నాయి. మనసు విప్పితే బరువు దిగుతుందంటున్నారు. ఆ మాట కాదనను. కానీ చెప్పేవాళ్ళు అదంతా ఏదో ధైర్యం సంగతన్నట్టు, మనిషి ఒక్క అడుగు ముందుకు వేస్తే సరిపోతుందన్నట్టు చెబుతున్నారు. ఆ గట్టు మీద నిలబడ్డ రైతుకు ధైర్యం తక్కువా? బ్యాంకులో, బయటా అప్పు చేసి, లీజు కట్టి, సీడ్ వేసి, రాత్రంతా ఏరేటర్ల చప్పుడులో కాపలా పడుకునే మనిషి అతను. పిరికివాళ్ళు చేసే సేద్యం కాదది.

మరి ఎందుకు దాస్తాడంటే, దాచడానికి అతని దగ్గర లెక్కలున్నాయి. తెల్లమచ్చ వచ్చిందన్న మాట బయటికి పొక్కితే కొనడానికి వచ్చేవాడు రేటు కోసేస్తాడు. కిలోకు అరవై తూగే సరుకు చేతిలో ఉన్నా, 'ఇవాళ కాకపోతే రేపు చస్తాయిగా' అని అడ్డికి పావుశేరు బేరమాడతాడు. మేత అరువిచ్చిన కొట్టతను సాయంత్రానికల్లా ఇంటి ముందు ఉంటాడు. గుంట లీజుకిచ్చిన ఆసామి వచ్చే ఏడాదికి వేరే మనిషిని చూసుకుంటాడు. కూతురి సంబంధం మాట్లాడుతుంటే ఆ మాట కూడా నెమ్మదిస్తుంది. కాబట్టి అతని సిగ్గు ఒట్టి మనసులో పుట్టింది కాదు. అందులో కిలోకు ఎంత, వడ్డీకి ఎంత అనే అంకెలున్నాయి. అవి పట్టించుకోకుండా 'మనసు విప్పు నాయనా' అని చెప్పడం నాకు కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది.

ఇంతవరకూ అతని పక్షాన మాట్లాడాను. ఇప్పుడు రెండో సంగతి కూడా చెప్పాలి.

రాత్రికి రాత్రే అతను వలలు తెప్పించి ఉన్నంతలో పట్టుబడి చేసేస్తాడు. గుంటలో నీళ్ళకు బ్లీచింగ్ కొట్టి, కొన్నాళ్ళు నిలవబెట్టి, అప్పుడు వదలాలని తెలిసినా, అట్లా చేస్తే అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఎవరూ లేనప్పుడు తూము ఎత్తేస్తాడు. ఆ నీళ్ళు కాలవలో కలుస్తాయి. మర్నాడు పొద్దున అదే కాలవ నుంచి, రెండు గట్లకు అవతల, 'బాగుండాయన్నా' అన్న మాట నమ్మిన పెద్దమనిషి తన గుంటకు మోటారు వేసి నీళ్ళు తోడుకుంటాడు. ఇదిగాక కాకులున్నాయి. ఇక్కడ చచ్చిన రొయ్యను ముక్కున కరుచుకుపోయి అక్కడి గుంటలో జారవిడుస్తాయి. పీతలు గట్లు దాటి పోతాయి. అతను సంగతి చెప్పి ఉంటే ఆ పెద్దమనిషి పది రోజులు మోటారు ఆపుకునేవాడు. పైన వల కట్టించుకునేవాడు, గట్టు చుట్టూ పీతలు రాకుండా కంచె వేయించేవాడు. అవన్నీ చేతిలో ఉన్న పనులే. తెలియకపోవడం వల్ల జరగలేదు.

1990ల మొదట్లో ఈ తీరమంతా టైగర్ రొయ్య మోజులో పడింది. వరి పండే నేలను తవ్వి గుంటలు చేశారు. 1994, 1995 ప్రాంతంలో వైరస్ వచ్చినప్పుడు ఒకరి తర్వాత ఒకరు వరసగా దెబ్బతిన్నారు. తోడుకునేది ఆ కాలవలోంచే, వదిలేదీ ఆ కాలవలోకే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత జలసాగుకు ప్రత్యేక చట్టం వచ్చింది. 2009 తర్వాత టైగర్ పోయి వనామీ వచ్చింది. రొయ్య మారింది, చట్టం మారింది. గట్టు మీద ఆ ప్రశ్నకు ఆ జవాబు మాత్రం మారలేదు.

మన పెద్దవాళ్ళు ఒక సామెత చెప్పారు: సంసారం గుట్టు, రోగం రట్టు. ఇంటి సంగతులు లోపల పెట్టుకో, జబ్బు వస్తే మాత్రం నలుగురికీ చెప్పు, ఎవరో ఒకరు మందు చెబుతారు అని. ఎంత తూకంగా చెప్పారో చూడండి. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే మనం మొదటి సగాన్ని పట్టుకుని రెండో సగాన్ని వదిలేశాం. అప్పు, భయం, నిద్ర పట్టకపోవడం, తాగుడు, ఇంట్లో దెబ్బలు, అన్నీ సంసారం కిందే జమ వేసేశాం. వీటిలో ఏది గుట్టు, ఏది రోగం అని తేల్చేది ఎవరు?

మన నెల్లూరు జిల్లాలోనే ఒకసారి ఆడవాళ్ళు తేల్చారు. అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చిన కూలి ఆడవాళ్ళు.

1990లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. అక్షరదీపం అన్నారు దాన్ని. పగలంతా కలుపులూ కోతలూ చేసి, రాత్రి వంట కానిచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, ఆ తర్వాత దీపం ముందు కూర్చునేవాళ్ళు. చదువుకునే పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడి తాగుడుతో కూలిపోయిన ఒక ఇంటి కథ. ఇప్పుడు ఆ గదిని ఊహించుకోండి. పాఠం కూడబలుక్కుని చదువుతున్నారు. అందులో ఉన్న సంగతి అక్కడున్న వాళ్ళలో చాలామంది ఇళ్ళలో రోజూ జరిగేదే. అయినా అంతవరకూ ఒకరి ముందు ఒకరు అన్నది లేదు. దెబ్బ తగిలిన చోటు కొంగు కప్పుకుని, జారిపడ్డానని చెప్పి, పనికి పోయేవాళ్ళు. పక్కింటి ఆమెకు నిజం తెలుసు. ఆమెకు తెలుసని ఈమెకూ తెలుసు. అయినా ఇద్దరూ జారిపడ్డం గురించే మాట్లాడుకునేవాళ్ళు.

పాఠంలో ఉన్నది సీతమ్మ. అక్కడే మెలిక ఉంది. ఎవరూ 'నన్ను కొడుతున్నాడు' అని మొదలుపెట్టనక్కర్లేకపోయింది. సీతమ్మ గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఇది మా ఇంటి కథే అనే దగ్గరికి వచ్చేశారు. ఒకామె అన్నాక రెండో ఆమెకు కష్టం కాలేదు, పదో ఆమెకు అసలే కాలేదు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్ళు సారా బండిని ఊళ్ళోకి రానివ్వమని నిలబడ్డారు. వాళ్ళ కథ మళ్ళీ ఇంకో పాఠమై పుస్తకంలోకి ఎక్కింది. పేరు 'ఆడవాళ్ళు ఏకమైతే'. దాన్ని చదివిన ఊళ్ళు ఇంకొన్ని కదిలాయి. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. అది 1997లో సడలిపోయిందన్న సంగతీ అందరికీ తెలిసిందే. రోశమ్మగారు 2016లో కన్నుమూశారు.

ఈ చరిత్రను ప్రభుత్వం మెడలు వంచిన పోరాటంగా చెప్పుకుంటాం. సబబే. నాకు మాత్రం ఎప్పుడూ ఆ మొదటి రాత్రి మీదే మనసు. పోరాటం తర్వాత వచ్చింది. ముందు జరిగిందల్లా పదిమంది ఆడవాళ్ళు జారిపడ్డామని చెప్పడం మానేయడం. దానికి వాళ్ళకు కావలసి వచ్చినవి కూడా గమనించండి. ఒకటి, మొగవాళ్ళు లేని ఒక చోటు. రెండు, తన పేరు కాకుండా సీతమ్మ పేరు మీద మొదలుపెట్టగలిగే వీలు. అన్నిటికన్నా ముఖ్యం, వింటున్న వాళ్ళందరూ అదే పడవలో ఉండడం. వింటున్నామె రేపు తనను ఎత్తిపొడవదు. ఎత్తిపొడిస్తే తనకూ తగులుతుంది.

రొయ్యల రైతుకు ఇది లేదు. అతని పక్క గట్టు మనిషి అతనితో ఒకే పడవలో ఉన్నా, వ్యాపారంలో పోటీదారుడు కూడా. అందుకే దూబగుంట పద్ధతి ఇక్కడ యథాతథంగా పనికిరాదు. ఇక్కడ ఇంకో రకం మనిషి కావాలి. అట్లాంటి మనిషి విడవలూరు మండలంలోనే పుట్టాడు.

అలగానిపాడు. 1913 మే 1. కలిగిన భూస్వామి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి సుందరరామిరెడ్డి అని పేరు పెట్టారు. మనమందరం ఎరిగిన పేరు పుచ్చలపల్లి సుందరయ్య. ఆయన రాజకీయాలతో మీకు ఏకీభావం ఉన్నా లేకపోయినా సరే, ఈ ప్రసంగానికి ఆ సంగతి అడ్డం రాదు. ఆయన తన పేరు చివర ఉన్న కులాన్ని తీసేశాడు. ఇవాళ ఇది చిన్న పనిగా కనబడొచ్చు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో ఆ తోక ఒక కోట గోడ. దాని వెనక నిలబడితే ఎవరూ ఏమీ అనరు. ఆ గోడను తనే కూలగొట్టుకుని, సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను సంఘం పెట్టమని కూడగట్టాడు. అంటే తన ఇంటికి ఎదురుగానే.

1943లో లీలగారిని పెళ్ళి చేసుకున్నాడు. ఉద్యమానికే బతుకంతా ఇవ్వాలని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. ఆపరేషన్ ఆయనే చేయించుకున్నాడు. మగవాళ్ళకు ఆ ఆపరేషన్ అంటే ఇవాళ్టికీ మన ఊళ్ళల్లో ఎట్లా మాట్లాడుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. 1952లో రాజ్యసభకు వెళ్ళాక పార్లమెంటుకు సైకిలు మీద పొయ్యేవాడన్న సంగతి అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, నాకు ఆ సైకిలు కంటే ఈ ఆపరేషన్ పెద్దదిగా కనబడుతుంది. సైకిలు తొక్కితే జనం మెచ్చుకుంటారు. దీనికి వెనక నవ్వుతారు. నవ్వుతారని తెలిసీ చేసిన పని అది.

మరో సంగతి. 1964లో మార్క్సిస్టు పార్టీ ఏర్పడినప్పుడు దానికి మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. ఎమర్జెన్సీ రోజుల్లో ఆ పదవికి రాజీనామా లేఖ రాశాడు. ఎమర్జెన్సీని ఎదిరించే పేరుతో జనసంఘ్‌తో కలిసి నడవడం దగ్గర్నుంచి, పార్టీ దారి మీద తనకున్న తేడాలన్నీ అందులో పెట్టాడు. పెద్ద పదవిలో ఉన్నవాళ్ళు తప్పుకునేటప్పుడు ఆరోగ్య కారణాలు చెప్పడం మన దేశంలో ఆనవాయితీ. డాక్టరు కాగితం ఎంత పని చేస్తుందో! సుందరయ్య మాత్రం నా మాట ఇక్కడ చెల్లడం లేదు, నేను ఒప్పుకోని దారికి నాయకత్వం వహించలేను అనే అసలు కారణమే రాశాడు. పదవి పోయింది. 1978లో గన్నవరం నుంచి మళ్ళీ శాసనసభకు గెలిచాడు, 1985 మే 19న పొయ్యేదాకా అదే పార్టీ పని చేశాడు.

ఈయన గురించి ఇంత సేపు ఎందుకు చెప్పానంటే, సుందరయ్యకు బలముంది. పోగొట్టుకోగలిగినంత ఉంది. కులం పేరు తీసేసినా అన్నం పుట్టకుండా పోదు. అందుకే బయటపడడం ఆయనతో మొదలైంది. ఎప్పుడైనా అక్కడే మొదలవ్వాలని నా అభిప్రాయం. మనం దీన్ని తలకిందులు చేశాం. 'దాచుకోకు, చెప్పు' అని ఎప్పుడూ దిక్కులేనివాడికే బోధిస్తాం. రెండెకరాల గుంట లీజుకు తీసుకున్నవాడు ముందు చెబితే మునిగిపోతాడు. యాభై ఎకరాల ఆసామి 'నా గుంటలో తెల్లమచ్చ వచ్చింది, పది రోజులు ఎవరూ కాలవ నీళ్ళు తోడుకోవద్దు' అని అందరికీ ఫోను చేసి చెబితే ఆయన రేటు కొంచెం తగ్గుతుందేమో గానీ ఆయన మునగడు. ఆ తర్వాత చెప్పే రెండెకరాలవాడు ఒంటరి కాడు. బళ్ళో అయ్యవారు తనకు చిన్నప్పుడు లెక్కలు రాక ఏడ్చిన సంగతి చెప్పాలి, పిల్లవాడు తర్వాత చెబుతాడు. ఇంట్లో తండ్రి తనకు రాత్రి నిద్ర పట్టడం లేదని ఒప్పుకోవాలి. కొడుకు ఫీజు డబ్బులు ఆన్‌లైన్ ఆటలో పోగొట్టుకున్నానని చెప్పడానికి అప్పుడు దారి దొరుకుతుంది.

ఇక సెల్‌ఫోను ముందు కూర్చుని ఏడ్చి, దాన్ని వేలమందికి వదలడం కూడా మనసు విప్పడం కిందే లెక్క వేస్తున్నారు ఈ మధ్య. అక్కడ చూసేవాళ్ళున్నారు గానీ వినేవాళ్ళు లేరు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు.

వినడం అంటే ఏమిటో చెప్పడానికి గాంధీగారి చిన్నప్పటి సంగతి కన్నా మంచిది నాకు దొరకలేదు. పెన్నకు ఆవలి ఒడ్డున పల్లిపాడు ఉంది కదా, 1921 ఏప్రిల్ 7న అక్కడ పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించింది ఆయనే. ఆ రోజు అక్కడికి వచ్చిన మహాత్ముడు పదిహేనేళ్ళ వయసులో ఒక దొంగతనం చేశాడు. అన్నకు పాతిక రూపాయల అప్పు ఉంది. అది తీర్చడానికి అన్న చేతి కడియంలోంచి కాస్త బంగారం కత్తిరించాడు. అప్పు తీరింది, మనసు మాత్రం కుదురుకోలేదు. తండ్రికి చెప్పాలనుకున్నాడు. నోరు రాలేదు. కొడతాడని కాదు, ఆయన ఎంత బాధపడతాడోనని. చివరికి కాగితం మీద రాశాడు. చేసిన తప్పు రాశాడు, శిక్ష వెయ్యమన్నాడు, మీరు మాత్రం మిమ్మల్ని శిక్షించుకోవద్దని కూడా రాశాడు. జబ్బుతో చెక్క మీద పడుకుని ఉన్న తండ్రికి వణుకుతూ ఆ కాగితం ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తండ్రి లేచి కూర్చుని చదివాడు. కళ్ళ నీళ్ళు కాగితం మీద పడ్డాయి. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. కాగితం చింపేసి మళ్ళీ పడుకున్నాడు.

ఆయన ఏమీ అనలేదు. కరంచంద్ గాంధీగారు ఆ రోజు చెంప పగలగొట్టి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు గానీ, అట్లాంటి చెంపదెబ్బలు మనం ఇళ్ళల్లో చాలా వేస్తున్నాం. చేత్తో కాదు, మాటతో. అప్పు సంగతి చెప్పిన మనిషికి మనం ఇచ్చే మొదటి జవాబు 'నేను అప్పుడే చెప్పలా?' రెండోది 'ఫలానావాడు చూడు, అదే కాలవ కింద రెండు పంటలు తీశాడు.' మూడోది జవాబు కూడా కాదు, సాయంత్రానికి ఆ సంగతి టీ అంగడి దాకా చేరిపోవడం. ఒకసారి ఇట్లా జరిగిన మనిషి రెండోసారి నోరు తెరవడు. ఎవరన్నా అడిగితే బాగుండాయన్నా అంటాడు.

ఇంట్లో చెప్పుకునే మనిషి లేని వాళ్ళకు ఒక ఫోను నెంబరు చెబుతాను, రాసుకోండి. 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ ఇది. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. అవతల ఉండే మనిషి మీ ఊరివాడు కాదు, మీ గుంట సంగతి తెలిస్తే రేటు కొయ్యడు. రాత్రి గట్టు మీద కాపలా కాసేవాళ్ళు ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. ఆ వేళప్పుడు వచ్చే ఆలోచనలు మంచివి కావు.

ఇంట్లో చెప్పగలిగిన వాళ్ళు మాత్రం ఇంట్లోనే మొదలుపెట్టండి. మొత్తం ఒక్కసారే చెప్పనక్కర్లేదు. బయట అప్పు ఎంత ఉందో, ఆ ఒక్క అంకె చెప్పండి చాలు. నోరు రాకపోతే కాగితం మీద రాసివ్వండి. ఆ కాగితం అందుకునే అమ్మలకూ అక్కలకూ అన్నలకూ ఒక మనవి: లెక్క ఎక్కడ తప్పింది, ఎవరి మాట విన్నావు, నగలు ఎప్పుడు కుదువ పెట్టావు, ఇవన్నీ అడగాల్సినవే, అడగండి. రేపు పొద్దున అడగండి. ఇవాళ రాత్రికి అన్నం పెట్టండి.